చేతులు కడుక్కుని రమ్మనే కోర్టు

2023లో మన్‌హాటన్‌లో నేను ఆఫీసుకి నడిచే దారిలో గంజాయి షాపులు వరసగా ఉండేవి. అన్నిటికీ ఆకుపచ్చ నియాన్ లైట్లే. వాటిలో ఒక్కదానికే లైసెన్సుందని చాలా రోజులకి గానీ తెలియలేదు. నేనెప్పుడూ లోపలికి వెళ్లలేదు. నీతి అనుకునేరు, భయం! గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నవాడికి రాష్ట్రం ఔనన్నా ఫెడరల్ చట్టం కాదంటే కాదనే లెక్క.

న్యూయార్క్ రాష్ట్రం 2021 మార్చిలో గంజాయిని చట్టబద్ధం చేసింది. షాపు లైసెన్సుల్లో మొదటి వాటా గంజాయి కేసుల్లో శిక్ష పడినవాళ్లకి, వాళ్ల కుటుంబాలకి ఇస్తామంది. పాత అన్యాయానికి క్షమాపణ లాంటిదన్నమాట. మొదటి షాపు 2022 డిసెంబర్ 29న తెరిచారు. అప్పటికే లైసెన్సు లేనివి వీధివీధినా వెలిశాయి. లైసెన్సున్నవాడు ల్యాబ్ పరీక్ష చేసిన సరుకే అమ్మాలి, రాష్ట్రానికి పన్ను కట్టాలి. పైగా 1982 నాటి 280ఈ సెక్షన్ వల్ల అద్దె, జీతాలు ఖర్చు కింద చూపించుకోవడానికి ఫెడరల్ పన్నుల శాఖ ఒప్పుకోదు. పక్కవాడికి ఈ గోలేమీ లేదు.

సరే, కోర్టుకి వెళ్లొచ్చుగా? వెళ్లొచ్చు. కాలిఫోర్నియాలో అన్యాయమైన పోటీని ఆపే చట్టం ఒకటుంది. పక్కవాడి అక్రమ వ్యాపారం వల్ల డబ్బు పోయిందని చూపిస్తే, దాన్ని ఆపమని అడగొచ్చు. నష్టపరిహారం మాత్రం ఆ చట్టం కింద రాదు. లైసెన్సు లేకుండా నడిపిన ప్రతి రోజునీ వేరే ఉల్లంఘనగా లెక్కేసి, లైసెన్సు ఫీజుకి మూడు రెట్ల దాకా జరిమానా వేసే వీలుంది. ఆ కేసు ప్రభుత్వం తరఫునే వెయ్యాలి. న్యూయార్క్‌లో పబ్లిక్ న్యూసెన్స్ కింద వెళ్లాలంటే, తన నష్టం ఊరందరి నష్టం కంటే వేరే రకమని నిరూపించాలి. లైసెన్సున్న షాపులన్నీ ఒకేలా మునుగుతున్నప్పుడు అది తేలిక కాదు.

ఫెడరల్ కోర్టుల సంగతి ఇంకా విచిత్రం. వ్యవస్థీకృత నేరాల మీద వాడే రికో చట్టం ఉంది కదా, దాని కింద కొలరాడోలో లైసెన్సుతో గంజాయి పెంచేవాళ్ల మీద పక్క స్థలం ఓనర్లు కేసు వెయ్యొచ్చని 2017లో ఒక అప్పీల్ కోర్టు అంది. గంజాయి వ్యాపారంలో తనకి నష్టం జరిగిందని ఆ చట్టం కిందే దావా వెయ్యడం కుదరదని 2023లో ఇంకో అప్పీల్ కోర్టు అంది. అంటే ఆ చట్టం అతని మీద పనిచేస్తుంది, అతని కోసం పనిచెయ్యదు.

న్యాయం అడగడానికి వచ్చేవాడు శుభ్రమైన చేతులతో రావాలని ఇంగ్లిష్ న్యాయంలో పాత సూత్రం. లంచ్‌లో ఒక ఫ్రెండ్ కూడా ఇంచుమించు అదే అన్నాడు: "నిన్నటిదాకా అదే అమ్మి జైలుకెళ్లినోడు, ఇవాళ పక్కోడి షాపుకి తాళం వెయ్యమంటాడేంట్రా?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఇంజినీరింగ్ రోజుల్లో అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద 50 రూపాయలకి కొన్న పైరసీ సీడీలతోనే నేను ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు నేను రాసే కోడ్‌ని ఎవరైనా డబ్బు కట్టకుండా వాడితే ఒళ్లు మండుతుంది. నా చేతులేం శుభ్రం?

అయినా ఆ కోపం పూర్తిగా దొంగ కోపం కాదనుకుంటాను. లైసెన్సంటే ఒప్పందం. "ఈ బరువు నువ్వు మొయ్యి, మొయ్యనివాణ్ణి నేను అమ్మనివ్వను" అని రాష్ట్రం మాటిచ్చింది. ఫీజు పుచ్చుకుని రెండో సగం మర్చిపోతే, నిజాయితీగా ఉన్నందుకు జరిమానా కట్టించుకున్నట్టే. నిలబెట్టమని అడుగుతున్నది ఆ మాటని. దానికి అతని గతంతో పనేముంది?

కానీ ఏం అడగాలన్నది వేరే ప్రశ్న. 2023 ఆగస్టులో ఒక కోర్టు ఉత్తర్వుతో కొత్త లైసెన్సులు కొన్ని నెలలు ఆగిపోయాయి. అప్పుడు తలుపు మూసి ఉండి బయట అమ్మినవాడూ, తలుపు తెరిచి ఉన్నా రానివాడూ ఒకటి కాదు. వ్యాపారం ఆపించండి, తెలిసీ అద్దెకిచ్చిన ఓనర్ని పట్టుకోండి, పన్ను వసూలు చెయ్యండి. కౌంటర్‌లో నిలబడ్డ కుర్రాడి మీద మాత్రం క్రిమినల్ రికార్డు రాయొద్దు. ఏ రికార్డులకి క్షమాపణగా ఈ లైసెన్సులు మొదలయ్యాయో, మళ్లీ అవే రాస్తే ఇంకో ఇరవై ఏళ్లకి ఆ కుర్రాడికీ ఒక లైసెన్సు బాకీ పడతాం.

2024లో కొత్త అధికారాలొచ్చాక నగరం వెయ్యికి పైగా షాపులు మూయించింది. మా దారిలోనూ తాళాలు పడ్డాయి. ఆ ఉదయం నాకు సంతోషమే వేసింది. ఆ సంతోషం న్యాయం జరిగినందుకా, లేక క్యూలో ఉన్నవాడికి క్యూ తప్పినవాడు పట్టుబడితే కలిగేదా? ఆఫీసు చేరేదాకా ఆలోచించినా తేలలేదు.