గీత కింద నేల

ఒకడు చెడు తలపెట్టి చేస్తే దాన్ని అన్యాయమని అందరమూ అంటాం. ఎవరికీ చెడు తలపెట్టకుండా, లెక్క తప్పకుండా చేసిన పని వచ్చి వచ్చి మన పల్లె మీదే పడుతుంటే దాన్నేమనాలి? మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేను. సర్కారు బళ్లో లెక్కలు చెప్పుకుని బతుకుతున్నోణ్ణి. లెక్క మీద నాకు కోపం లేదు. అందుకే అడుగుతున్నా.

మా పెద్దమ్మ కొడుకు ఒక విద్యుత్ ట్రాన్స్‌మిషన్ సంస్థలో ప్లానింగ్ ఇంజనీరు. ఆయనది కోటా సీటని ఆఫీసులో ఇప్పటికీ గుర్తు చేసేవాళ్లున్నారు. ఆయన పని స్తంభాలెక్కడం కాదు. ముందు ముందు ఎక్కడ ఎంత కరెంటు కావాల్సొస్తుందో అంచనా కట్టి, కంప్యూటర్లో ఒక్కో లైనూ తీసేసి చూస్తాడు. ఒకటి పోయినా మిగిలినవి బరువు మోయాలి. దాన్ని వాళ్లు 'ఎన్ మైనస్ ఒన్' అంటారు. 2012 జూలై 30న ఉత్తరాది గ్రిడ్ కూలింది. మర్నాడు దాంతోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా కూలి సుమారు 60 కోట్ల మందికి కరెంటు పోయింది. అన్న భయం ఉత్త భయం కాదు.

మా పల్లె పొలాల మీద 2011లో 220 కేవీ లైను పోయింది. నాయనకున్నది ఎకరా ఎనభై సెంట్లు, డి.కె.టి. పట్టా. నట్టనడుమ టవరు. తీగల కింద 35 మీటర్ల వెడల్పున ఇల్లు కట్టకూడదు, మామిడి చెట్టు పెట్టకూడదు. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు వాళ్లకిచ్చారు. అంటే భూమి తీసుకోరు, నీ పేరునే ఉంటది, వాడుకునేది వాళ్లు. నాయన చేతికొచ్చింది ఒక కారు వేరుశెనక్కాయల డబ్బు. టవరు కింద నేలకు విలువలో 85 శాతం ఇమ్మని కేంద్రం చెప్పింది 2015లో, రెండింతలు ఇమ్మన్నది 2024లో. అయినా, అమ్మకూడదని 1977 చట్టం కట్టేసిన భూమికి ఆరోజు విలువ ఎవడు కడతాడు?

'ఒరే తమ్ముడూ, నేను గీసేది ఈ సబ్‌స్టేషన్ నుంచి ఆ సబ్‌స్టేషన్‌కి గీత. పొలాలు నాకు కనపడవు. దారి చూసేది సర్వేవాళ్లు' అంటాడు అన్న. సర్వేవాళ్లనడిగితే ఊరు తప్పించాలి, గుడి తప్పించాలి, తోటలు తప్పించాలి, ఖర్చు తగ్గాలి అంటారు. ఒక్కో మాటా న్యాయమే. అన్నీ తప్పించాక మిగిలేది ఊరి చివర, గుడి కాడికి రానివ్వని వాళ్ల మెట్ట. తోట వేసుకునే తాహతు మాకుంటే మమ్మల్నీ తప్పించేవాళ్లే! ఆ ఖర్చు లెక్కలో కులం అన్న మాట ఎక్కడా ఉండదు. మా తాతలకు నేల ఎక్కడిచ్చారో అన్న దగ్గరే అది పని ముగించుకుంది. తర్వాత వచ్చిన ఇంజనీరు ఎంత మంచోడైనా గీత అక్కడికే పోతుంది. మావోడైనా సరే.

కరెంటు వద్దని కాదు నేను చెప్పేది. అంబేద్కర్ 1942 నుంచి 46 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు విద్యుత్తు ఆయన చేతిలోనే ఉంది. 1944లో సెంట్రల్ టెక్నికల్ పవర్ బోర్డు పెట్టింది ఆయన శాఖే. చవగ్గా కరెంటు లేకుండా ఈ దేశంలో పేదోడి బతుకు మారదన్నది ఆయన ఆలోచన. మరి మా మీదుగా పోయే 220 కేవీకి ఒకటి పోతే ఇంకొకటి. మా పల్లెకొచ్చేది ఒకే తీగ, ఒకే ట్రాన్స్‌ఫార్మరు. అది కాలితే లైన్‌మన్ దయ. టౌనులో దీపం ఆరకూడదన్న నియమం మా దాకా వచ్చేసరికి ఎందుకు తెగిపోతుంది?

'అయితే నన్నేం చెయ్యమంటావురా? రాజీనామా ఇవ్వనా?' అన్నాడు మొన్న.

వద్దన్నా. ఆ కుర్చీ నువ్వు ఖాళీ చేస్తే ఎవరొచ్చి కూచుంటారో ఇద్దరికీ తెలుసు. నీ రిపోర్టులో కిలోమీటర్లకి గడి ఉంది, ఖర్చుకి గడి ఉంది, అడవికి గడి ఉంది. అసైన్‌మెంటు భూమి ఎన్నెకరాల మీదుగా పోతుందో చెప్పే గడి ఒకటి పెట్టు. గీత మారకపోతే మారకపోనీ, సంతకం పెట్టేవాడు ఆ అంకె చూసి పెట్టనీ.

'ఆ ఫారంలో అట్లాంటి గడి లేదురా' అన్నాడు. కాసేపాగి, నాయన పొలం సర్వే నంబరెంతని అడిగాడు. చెప్పా. రాసుకున్నాడు.