పొరుగింటి బిడ్డ అడిగిన వస్తువు



దివ్య ఖుర్ఆన్‌లో 107వ సూరా పేరు ‘అల్ మాఊన్’. నమాజు చేస్తూనే దాని పట్ల ఏమరుపాటుగా ఉండేవారిని, పదిమంది మెప్పు కోసం ఆరాధించేవారిని, చిన్నపాటి వస్తువు సైతం ఇవ్వనివారిని అల్లాహ్ అందులో గట్టిగా హెచ్చరించాడు. మాఊన్ అంటే కుండ, గొడ్డలి, బొక్కెన లాంటివని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) వివరించారు. ఇరుగుపొరుగు ఎరువు తెచ్చుకుని, పని కాగానే తిరిగిచ్చేసే వస్తువులన్నమాట.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు కూలాయి. జనరేటరు ఉన్న ఇల్లు వెతుక్కుని వెళ్ళి ఫోన్లు ఛార్జింగు పెట్టుకున్నాం. అడగడానికి ఎవరమూ మొహమాటపడలేదు.

రెండేళ్ళు తిరగకముందే, 2020 మార్చిలో, కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. ప్రభుత్వం దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యావారధి’ పేరిట పాఠాలు చెప్పించింది. టీవీ లేని ఇంటి పిల్లల సంగతేమిటి? ఉన్న ఒక్క ఫోను తండ్రి జేబులో వేటకో కూలికో వెళ్ళిపోతే?

చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అప్పుడు పలాసలో మా వీధిలో, జీడి కార్ఖానాలో పప్పు ఒలిచే ఒక తల్లి, కూతురి పాఠం కోసం గంటసేపు ఫోను అడిగింది. వాళ్ళు ముస్లిములు కారు. “తర్వాత చూద్దాం లేమ్మా” అన్నాను. ఫోను నా చేతిలోనే ఉంది. ఆ రాత్రి ఇషా నమాజులో ఈ సూరాయే చదివాను. దాని చివరి పదమే ‘మాఊన్’. అక్కడ గొంతు ఆగిపోయింది.

2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లోని 8వ తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులు ఇచ్చారు. మంచిదే. ఆ ఇంట్లోనే 6వ తరగతి చదివే తమ్ముడికి, ఇంటరు చదివే అక్కకు మాత్రం అవి రాలేదు.

ఇక మన ఇళ్ళ సంగతి. కొడుకు చేతిలో ఫోను పెట్టి, కూతురు అడిగితే “నీకెందుకు?” అంటున్నాం. ఫిత్నా భయమట! భయం నిజమే, కాదనను. మరి కొడుకు దగ్గర ఆ భయం ఏమవుతోంది? విద్యార్జనను దైవప్రవక్త (స) విధిగా చెప్పినప్పుడు ఆడపిల్లను మినహాయించలేదు. ముందు గదిలో, అమ్మ కళ్ళెదుట, ఇద్దరికీ చెరో గంట ఇవ్వండి. పొరుగింటి బిడ్డ వస్తే ఆ బిడ్డకూ ఒక గంట.

మర్నాడు పొద్దున్నే నేనే వాళ్ళ గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఆ అమ్మాయి మా అరుగు మీద కూర్చుని, పంతులమ్మ పంపిన లెక్కల పాఠం చూసింది. మధ్యలో ఫోను మోగితే పరుగున తెచ్చి నా చేతికిచ్చి, నా మాటలు అయ్యేదాకా పుస్తకంలో వేలు పెట్టుకుని అక్కడే నిలబడింది.