ఒకే చాప, నాలుగు వ్రతాలు

కార్తిక అమావాస్య వస్తే పల్నాటి కారంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. అయిదు రోజుల వేడుకలో రాయబారం, కోడిపోరు వంటి కథాఘట్టాల నడుమ, మందపోరు నాడు చాపకూడు జరుగుతుంది. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు కులాల అడ్డుగోడలు తీసేసి అందరినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని పల్నాటి కథ చెబుతుంది. మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనను అప్పగించిందీ ఆయనే. ఆనాటి కత్తులు పూజకే మిగిలాయి. ఆ బంతి భోజనం మాత్రం ఇంకా సాగుతోంది.

కలిసి పూజ చేయడం కొంత తేలిక. గుళ్లో అందరి చూపూ దేవుడి వైపే ఉంటుంది. కలిసి తినేటప్పుడు పక్కవాడి మోచేయి తగులుతుంది. ఆ తాకిడికి ఎవరు ముడుచుకుపోతారో, ఎవరు కాస్త జరిగి చోటిస్తారో చూస్తే ఊరి సంగతి తెలిసిపోతుంది.

తైత్తిరీయోపనిషత్తులో భృగువు తన తండ్రి వరుణుణ్ని బ్రహ్మమంటే ఏమిటని అడుగుతాడు. తపస్సు చేసి తెలుసుకోమంటాడు తండ్రి. కొడుక్కి మొదట అన్నమే బ్రహ్మమని తోస్తుంది. తర్వాత ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి ఆనందం దాకా వెళతాడు. అంత ఎత్తుకు తీసుకెళ్లిన ఉపనిషత్తు వెంటనే మళ్లీ అన్నం దగ్గరికే వస్తుంది. అన్నాన్ని నిందించకూడదు, తోసేయకూడదు, సమృద్ధిగా సమకూర్చాలి, ఇంటికొచ్చినవారిని తిప్పి పంపకూడదు అంటూ నాలుగు వ్రతాలు పెడుతుంది. ఆనందాన్ని చూసివచ్చినవాడికైనా అన్నం దగ్గర నియమం తప్పదన్నమాట.

నాలుగో వ్రతానికి చాపకూడే సాక్ష్యం. మొదటి వ్రతం తప్పిన ఆనవాళ్లూ ఆ పల్నాటిలోనే దొరుకుతాయి. అక్కడి జొన్నకూటిని శ్రీనాథుడు వెక్కిరించాడని చాటువులు ప్రచారంలో ఉన్నాయి. పల్నాటి వీరచరిత్రా ఆయన రచనగానే ప్రసిద్ధి. వీరులను మెచ్చిన కవికే వాళ్లను పోషించిన గింజ లోకువైంది! ఆ లోకువ ఒక్క కవితో పోలేదు. తెల్లన్నం హోదా అయింది. జొన్నసంకటి, కొర్రన్నం లేమికి గుర్తయ్యాయి.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మెట్ట పొలాల్లో వరి నవ్వింది. ఎందరి ఆకలో తీర్చిన ఆ నీటిని తప్పుపట్టలేం. కాలువ అందనిచోట కూడా బోరు మీద బోరు వేసి మడి నింపడం దగ్గరే చిక్కు. మడిలో నీళ్లు నిలిస్తే భూమిని వేడెక్కించే మీథేన్ పుడుతుంది. జొన్న, కొర్ర, సామ వానచుక్కతోనే సరిపెట్టుకుంటాయి. జొన్న అయితే మనిషికి గింజ, పశువుకు చొప్ప ఇస్తుంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. నిన్న కూడుగా కాదన్న కొర్రలను నేడు షుగర్‌కు మందని కొనుక్కుంటున్నాం. సమృద్ధిగా సమకూర్చమన్న మూడో వ్రతం ఒక్క పంటకాలానికి చెప్పింది కాదు. రేపటి పంటకు కూడా నేలలో సత్తువ, బావిలో నీరు మిగిలితేనే అది సమృద్ధి.

ఇక తోసేయవద్దన్న రెండో వ్రతం. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్కగట్టింది. అందులో 60 శాతం ఇళ్లలో పారేసిందే. పెళ్లివిందులను తప్పుపట్టే ముందు మన ఫ్రిజ్ తలుపు తీసి చూసుకోవాలి. మూడు రోజులు లోపల దాచి నాలుగో రోజు చెత్తబుట్టలో వేసే కూరతోపాటు రైతు చెమట, చెరువు నీరు, గ్యాస్‌పొయ్యి మంట కూడా పోతాయి.

భాగవతం నవమ స్కంధంలో రంతిదేవుడు 48 రోజులు పస్తులున్నాక అన్నం ముందు కూర్చుంటాడు. ఒకరి తర్వాత ఒకరు అతిథులు వస్తారు. వారిలో కుక్కలను వెంటబెట్టుకుని వచ్చినవాడూ ఉన్నాడు. రాజు ఆ కుక్కలకూ నమస్కరించి మరీ అన్నం పెట్టాడు. బ్రహ్మనాయుడి చాప మనుషులందరికీ చోటిస్తే, రంతిదేవుడి బంతిలో మూగజీవాలకూ చోటుంది. మన తర్వాత ఈ నేలమీద పుట్టబోయేవారికీ అందులో ఒక విస్తరి వేయాలి.

అందుకు పెద్ద యజ్ఞాలు అక్కర్లేదు. వారంలో రెండు పూటలు జొన్నరొట్టో రాగిసంకటో తినవచ్చు. వనభోజనాలకు ప్లాస్టిక్ పళ్లేల బదులు మోదుగాకు విస్తళ్లు తీసుకెళ్లవచ్చు. పిల్లల కంచంలో మారు వడ్డించే ముందు కావాలా అని ఒక్కమాట అడగవచ్చు. గరిటె మన విస్తరి మీదికి వచ్చినప్పుడు కడుపు చెప్పినమాట విని ‘చాలు’ అంటే, ఆ ముద్ద బంతిలో తర్వాతివారికి అందుతుంది.