ఆ తారీఖు తప్పనివ్వకు

నాన్నా, తుంటి ఆపరేషనైన మర్నాడే మీ అమ్మ వాకర్ పట్టుకుని నిలబడిందని విన్నాక నా ప్రాణం కుదుటపడింది. పడితే పసిగట్టే వాచీ కొంటానన్నావు, గదికో కెమెరా పెట్టిస్తానన్నావు. వాచీ కొను, మంచిదే. కానీ గోడ పట్టుకుని మెల్లగా జారి కూలబడితే దానికి తెలియకపోవచ్చు. స్నానానికి వెళ్తూ తీసి పక్కన పెడితే అసలే తెలియదు. స్నానాల గదిలో పట్టుకోడానికి కడ్డీలు, రాత్రి మంచం దిగగానే వెలిగే సెన్సార్ లైటు ముందు పెట్టించు. కెమెరా సంగతి మాత్రం అమ్మనే అడుగు. ఆ గదిలో బట్టలు మార్చుకునేది తను. వద్దంటే వద్దు.

నీ ఫోను చేయాల్సిన అసలు పని వేరే ఉంది. నిలబడ్డ మనిషి గడప తట్టుకుని పడితేనే తుంటి విరిగిందంటే, ఎముకలు గుల్లబారాయన్నమాట. విరిగింది సరిచేశారు గానీ ఆ గుల్లదనం ఎక్కడికీ పోలేదు. ఒకసారి ఇలా విరిగినవాళ్లకి మళ్లీ విరిగే ముప్పు దాదాపు రెట్టింపు, మొదటి రెండేళ్లలో మరీ ఎక్కువ. అయినా కుట్లు విప్పాక ఎన్నో ఇళ్లలో ఎముకల మందు ఊసే ఉండదు. నా బెంగంతా దాని గురించే.

అమ్మకి ఆర్నెల్లకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ రాశారన్నావుగా, దాని తారీఖు దాటనివ్వకు. ఆలస్యమైతే వచ్చిన బలం త్వరగా తరిగిపోతుంది, వెన్నుపూసలు ఒకదాని వెంట ఒకటి నలిగిపోవచ్చు. నొప్పి లేదు కదా అని మానేయనివ్వకు. ఆపాల్సి వస్తే డాక్టరు దాని బదులు మరో మందు ఇస్తారు. నెల ముందొకటి, వారం ముందొకటి అలారం పెట్టు, నీ ఫోనులోనూ, ఊళ్లో ఉన్న మీ చెల్లాయి ఫోనులోనూ. ఇంజెక్షన్‌కి ముందు రక్తంలో కాల్షియం, విటమిన్ డి చూడమని డాక్టరుని అడుగు. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ రిపోర్టు ఫొటో తీసి ఉంచుకో.

'ఎలా ఉన్నావమ్మా' అంటే 'బాగానే ఉన్నా' అనే అంటుంది. వీడియో కాల్‌లో, చెల్లాయి పక్కన ఉండగా, కుర్చీలోంచి లేవమను. ఎంత కష్టపడి లేస్తోందో నీకే కనిపిస్తుంది. అది రికార్డు చేసి ఫిజియోథెరపిస్టుకి పంపు. కొత్తగా నడుంనొప్పి అన్నా, వీపు వంగినట్టున్నా ఆలస్యం చేయక డాక్టరుకి చెప్పు.

ఇంకొకటి. నీ ఫోను వచ్చిందంటే తను వాకర్ వదిలేసి గబుక్కున లేస్తుందేమో. రోజూ ఒకే వేళకి, తను కుర్చీలో కూర్చుని ఉండే సమయం చూసి చెయ్యి.