తాలు ఏరే చూపు

నరసరావుపేటలోనో గురజాలలోనో పుట్టి, సైకాలజీ చదివి, బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట రెండేళ్ల క్లినికల్ శిక్షణకు వెళ్లిన విద్యార్థి చేతికి పరీక్షల పెట్టె ఒకటి వస్తుంది. చదివిన అంకెల్ని తిరిగి చెప్పమనడం, కాగితం నిండా ఉన్న గుర్తుల్లో అడిగినవాటిని కొట్టేయమనడం, ఇలాంటివన్నీ ధ్యాసని కొలిచే పనిముట్లు. పుస్తకాల్లో దాన్ని అవధానం అంటారు. సొంత ఊరికి తిరిగొచ్చి, బడి మొహం చూడని మనిషి ముందు ఆ పెట్టె తెరిస్తే అది కొలిచేది ధ్యాసనా, చదువునా? నన్ను వదలని సందేహం ఇదే.

మిరప కల్లంలో తాలు ఏరే ఆడవాళ్లను చూడండి. ఎర్రటి రాశిలో తెల్లబారిన కాయ కంటబడగానే చెయ్యి దాని మీదికి పోతుంది. ఘాటుకి తుమ్ముతూ, పక్కమనిషితో మాట్లాడుతూ పొద్దుగూకేదాకా అదే పని. గుర్తుల్ని కొట్టేసే పరీక్ష అడిగేది అచ్చంగా ఈ నేర్పునే. అదే మనిషిని కాగితం ముందు కూర్చోబెడితే వేళ్లకి పెన్సిల్ కొత్త, ఎడమ నుంచి కుడికి వరసగా నడవడం కళ్లకి కొత్త. మార్కు తగ్గితే ఆ లోటు దేనిది? అంకెల పరీక్షకీ ఇదే చిక్కు. ఇంగ్లీషులో ఒకటి నుంచి తొమ్మిది దాకా సెవెన్ తప్ప అన్నీ ఒక్క పలుకు మాటలే. తెలుగులో రెండక్షరాలకు తక్కువైన అంకె లేదు, ఎనిమిదికైతే నాలుగు. పలకడానికి ఎక్కువసేపు పట్టే అంకెలు తక్కువే గుర్తుంటాయని ఎల్లిస్, హెన్నెలీ 1980లోనే వెల్ష్ భాషతో చూపించారు.

చదువుని బట్టి ప్రమాణాలు వేరుగా పెట్టారు కదా అంటారు. నిజమే, నిమ్హాన్స్ 2004లో వెలువరించిన పరీక్షల సంపుటి వయసునీ చదువునీ లెక్కలోకి తీసుకుంది. అది మంచి పని. కానీ బడి లేనివాళ్ల ప్రమాణం మరీ అడుగున ఉంటే అక్కడి నుంచి దిగజారడానికి చోటేది? జబ్బు మొదలైనా మార్కు కదలదు. చదువు లేదు కాబట్టి ఇంతేలే అని ఇంటికి పంపేస్తాం. పోనీ, పరీక్షలే వద్దందామా? ఇక్కడ నా వాదం నాకే అడ్డం తిరుగుతుంది. పక్షవాతంలో మెదడు కుడిభాగం దెబ్బతిన్న కొందరికి ఎడమపక్క లోకమే ఉండదు. కంచంలో కుడివైపు అన్నం తినేసి, ఎడమవైపుది అలాగే వదిలేస్తారు. చూపు ఉంటుంది, అటు ధ్యాస ఉండదు. ఇంట్లోవాళ్లు మొండితనం అనుకుంటారు. ఒక గీత గీసి, సరిగ్గా నడిమధ్య గుర్తు పెట్టమంటే చాలామందిలో ఆ సంగతి నిమిషంలో బయటపడుతుంది. కాబట్టి కొలత కావలసిందే. కొలబద్ద ఇక్కడి బతుకులోంచి రావాలి.

చదువు లేనివాళ్లను పక్కన పెట్టకుండా పనిచేస్తే ఏం దొరుకుతుందో హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం చూపించింది. 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, రెండు భాషలు వాడేవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. అక్షరం రానివాళ్లలోనూ ఆ తేడా కనబడింది. ఇది భాషల గొప్పా, చదువు గొప్పా అన్న వాదానికి వాళ్లే జవాబయ్యారు. తర్వాత వేరే దేశాల్లో జరిగిన పరిశీలనలన్నీ దీనితో ఏకీభవించలేదు. అయినా ఇంట్లో లంబాడీ, సంతలో తెలుగు మాట్లాడే మాచర్ల తండాల ముసలివాళ్లను వదిలేసి ఈ ప్రశ్న తేల్చలేమన్నది నా గట్టి నమ్మకం.

ఈ దారిలోకి వచ్చే పల్నాడు విద్యార్థిని నేను అడిగేది ఒక్కటే. రోగుల దగ్గరికి వెళ్లేముందు గురజాలలో, కారంపూడిలో ఏ జబ్బూ లేని, చదువు రాని వందమందితో కూర్చో. కాగితం పక్కన పెట్టి, చేటలో ఎండుమిరపకాయలు పోసి ఇవ్వు. తాలు ఎన్ని ఏరారో, చేటలో ఏ పక్కవి మిగిలిపోయాయో రాసుకో.