పిట్టగోడయు ఇనుపబండియు

ఖరగ్‌పూరులోని నిమ్‌పురా, తెలుగు రైల్వే కుటుంబములు తరతరములుగా నివసించుచున్న పేట. అచ్చటి యార్డులో వ్యాగను క్రిందికి దూరి పనిచేయువాడు, ముందుగా బండికి ఎఱ్ఱజెండా కట్టించి, అది కదలదని రూఢిచేసికొనును. ఉదయమున ప్రార్థించి వచ్చినవాడైనను జెండా లేకుండ క్రిందికి పోడు. అది అవిశ్వాసమని అతని సంఘములో ఎవరును తప్పుపట్టరు.

అయితే సైన్యము కోట్ల ధనము వెచ్చించి కవచవాహనములను కొన్నదను వార్త వచ్చినప్పుడు విశ్వాసుల మనస్సు కలతచెందుట కలదు. ఇనుమును నమ్ముకొనుట దేవుని నమ్మకపోవుట కాదా? సీసెరాకు 900 ఇనుప రథములుండెను. అవి అతనిని రక్షింపలేదు. దావీదు సౌలు ఇచ్చిన కవచమును విడిచిపెట్టి గొల్యాతు నెదిరించెను.

ఈ దృష్టాంతములు సత్యములే. గాని ఆ దినమున దావీదు విడిచినది తన దేహముమీది కవచమును. తరువాతి కాలమున అతడే మరియొకని రక్షణను తీసివేయించెను. ఊరియాను పోరు ఘోరముగా జరుగుచోట నిలిపి, తోడివారిని వెనుకకు రప్పించెను. మొదటి కార్యము విశ్వాసమని పేరొందెను. రెండవది హత్యగా ఎంచబడెను. తన ప్రాణమును అపాయమునకు అప్పగించుట వేరు, పొరుగువాని ప్రాణమును అప్పగించుట వేరు.

ఖరగ్‌పూరు చేరువనున్న సలువా, ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్సు అను సాయుధ పోలీసు దళమునకు కేంద్రస్థానము. 2010 ఫిబ్రవరి 15న, అప్పటి పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని శిల్దా శిబిరముపై మావోయిస్టులు దాడిచేయగా ఆ దళమునకు చెందిన 24 మంది జవానులు మరణించిరి. ఇట్టి చోట్లకు కుమారులను పంపిన తల్లులయెదుట, కవచము అవిశ్వాసమని బోధించుటకు ఎవనికి నోరు వచ్చును?

క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెచుట్టు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము విధించుచున్నది. గోడలేక ఎవడైన పడినయెడల ఆ రక్తాపరాధము ఇంటివానిదే. యజమాని భక్తిపరుడా కాడా అని ఆ ధర్మము విచారింపదు. గోడ ఉన్నదా లేదా అనియే విచారించును. మందుపాతరలున్న బాటకు యువకుని పంపు ప్రభుత్వము అట్టి ఇంటి యజమాని వంటిది. ఆ ప్రభుత్వమునకు పన్ను చెల్లించు పౌరుడును ఆ బాధ్యతలో పాలివాడే.

అయినను ఇంతటితో విచారణ ముగియదు. దక్షిణాఫ్రికాలో రూపొందిన కాస్పిర్ అను బండి అడుగుభాగము పడవవలె ఇరువైపుల వాలియుండును. మందుపాతర ప్రేలినప్పుడు ఆ విసురు ప్రక్కలకు చెదరిపోవును గనుక లోపలివారు బ్రదుకుటకు అవకాశము హెచ్చును. భారత సైన్యమును ఈ బండ్లను కొన్నది. మెదక్ ఆయుధ కర్మాగారములోను ఈ తరగతి వాహనములు తయారైనవి. అయితే జాతివివక్ష దినములలో అదే కాస్పిర్ నల్లజాతివారి పేటలలో తిరిగి, అచ్చటి ప్రజలకు భీతిచిహ్నమాయెను. తరువాత అదే బండి మందుపాతరలను ఏరివేయు పనికిని ఉపయోగపడెను. ఇనుము మారలేదు, దానిని నడిపించిన ఉద్దేశము మారెను.

పిట్టగోడ మనుష్యుడు పడకుండ కాపాడుటకే గాని, దాని చాటున నిలిచి వీధిని పోవువానిమీద రాళ్లు రువ్వుటకు కాదు. దళసరి ఇనుము వెనుక, చిన్న కిటికీలోనుండి చూచువానికి బాటప్రక్కనున్న పల్లెవాడు పొరుగువాడుగా కనబడుట కష్టము. కావున బండి కొనబడినప్పుడు రెండు ప్రశ్నలు అడుగవలసియున్నవి. లోపలివాడు క్షేమముగా ఇల్లు చేరునా? వెలుపలివాడును అట్లే చేరునా? మొదటిదానిని విడుచువాడు ఊరియా రక్తమునకు లెక్క చెప్పవలెను. రెండవదానిని విడుచువాడు తన పొరుగువానినే మరచినవాడగును.

నిమ్‌పురా యార్డులో పని ముగియగానే ఎఱ్ఱజెండా తీసివేయుదురు. బండి తన త్రోవను సాగుటకే ఆ పనియంతయు. కవచమును అట్టిదే. న్యాయము జరిగి, ఏ కవచమును లేని బాలుడు నిర్భయముగా నడువగల బాటను సిద్ధపరచువరకు, ఇనుము కొన్నవారి బాధ్యత తీరలేదు.