ఆప్తుడెవ్వడు?

విశాఖపట్టణపు వన్ టౌన్‌లో, బురుజుపేటయందు, పైకప్పు లేక ఆకాశము క్రిందనే కొలువై, తన్ను స్వహస్తములతో పూజించు అధికారమును కులభేదము లేక సర్వులకును ఒసగిన కనకమహాలక్ష్మీ అమ్మవారిని గూర్చి స్థానికులు చెప్పుకొను కథ యొకటి కలదు. 1917లో వీథిని వెడల్పు చేయుటకై పురపాలకులు విగ్రహమును ప్రక్కకు జరిపించిరనియు, వెంటనే ఊర ప్లేగు చెలరేగి అనేకులను పొట్టను పెట్టుకొనెననియు, తల్లిని మరల యథాస్థానమున నిలిపిన పిమ్మటనే అది శాంతించెననియు ఆ కథ.

తార్కికుడు దీనిని కాకతాళీయమని త్రోసిపుచ్చును. ఆతని మాట న్యాయమే. కాని వెనుక జరిగినదానికి ముందు జరిగినదే కారణమను ఆ దోషము భక్తుల సొత్తు మాత్రమే కాదు. 1897లో బొంబాయియందు ప్లేగు టీకాను సిద్ధపరచి, మొదట తన దేహముననే పరీక్షించుకొన్న హాఫ్కిన్ పండితునిపై, 1902లో పంజాబునందలి మల్కోవాల్‌లో టీకా పొందినవారు 19 మంది ధనుర్వాతముతో మరణింపగా, విద్యాధికులైన దొరలే నింద మోపిరి. ఆ పందొమ్మండ్రకును మందు ఒక్క సీసానుండియే వెడలినదన్న సంగతి కనులయెదుట నున్నను, ఆయన నిర్దోషి యని ఒప్పుకొనుటకు 1907 వరకు పట్టెను.

ఇక దేవతకును సూదికిని వైరమనుట మన ఊళ్ల నెరుగనివారి మాట. మశూచికమునే అమ్మవారని పిలిచిన జాతి మనది. టీకాల వలన 1975లో ఆ వ్యాధి దేశమున అంతరించినది. గ్రామదేవతల జాతరలు మాత్రము నేటికిని సాగుచునే యున్నవి.

కావున టీకాలకు జంకుటలోని చిక్కు విశ్వాసమున లేదు, చెప్పువానియందున్నది. శబ్దమును, అనగా నమ్మదగినవాని మాటను, ప్రమాణముగా అంగీకరించిన నైయాయికులు అట్టి వక్తయగు ఆప్తునికి రెండు గుణములు విధించిరి: విషయమును స్వయముగా ఎరిగియుండవలెను, ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పగోరవలెను. ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమేయని వాత్స్యాయనుడు న్యాయభాష్యమున స్పష్టపరచెను. అనగా పదవి చేతగాని, పుట్టుక చేతగాని ఎవ్వడును ఆప్తుడు కాజాలడు.

2009లో ఖమ్మం జిల్లాలో, గర్భాశయముఖ క్యాన్సరును నివారించు హెచ్.పి.వి. టీకాను పాత్ అను ఆరోగ్యసంస్థ ప్రభుత్వ సహకారముతో బాలికలకు వేయించెను. వారిలో గిరిజనులు పెక్కండ్రు. పిమ్మట కొందరు బాలికలు మరణింపగా కలకలము రేగి, 2010 ఏప్రిలులో ఆ కార్యక్రమము నిలిచిపోయినది. మరణములకు టీకా కారణమనుటకు ఆధారము విచారణలో కానరాలేదు. కాని తల్లిదండ్రులు చేయవలసిన సంతకములను పెక్కుచోట్ల హాస్టలు వార్డెనులు చేసిరని బయటపడినది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దీనిని తీవ్రముగా గర్హించెను. మరణములు కాకతాళీయములు కావచ్చును, సంతకములు కావు. ఎరిగినవారు చెప్పగోరనిచోట, ఏమియు ఎరుగనివారి వదంతి ఆప్తవాక్యమై కూర్చుండును. అట్టి వదంతిని నమ్మిన తల్లిని అజ్ఞానురాలనుటకు నాకు నోరు రాదు.

వన్ టౌన్ సందులలో పసిబిడ్డలకు టీకాలు వేయు ఏ.ఎన్.ఎం.లను లెక్కల కొరకు తరుమక, సూది పొడుచుటకు ముందే, ‘రాత్రికి జ్వరము రావచ్చును, తొడ వాచవచ్చును, వీటికి భయపడనక్కరలేదు, ఫలానా లక్షణము కనిపించినచో మాత్రము వెంటనే ఆసుపత్రికి రావలెను’ అని ఆ తల్లి ప్రక్కన కూర్చుండి చెప్పుటకు తగిన వ్యవధిని వారికి కల్పింపుడని ఆరోగ్యశాఖవారిని కోరుచున్నాను.